డ్రూపల్ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? చూపు లేనివాళ్ళు కూడా సొంతంగా వాడుకునే సైట్ చేయాలి

హన్మకొండ_వెబ్
చిన్న చిన్న సైట్లు చేస్తుంటాను. బట్టల షాపులు, ప్రైవేటు స్కూళ్ళు, నర్సింగ్ హోములు. అన్నీ వర్డ్‌ప్రెస్‌లోనే. పేజ్ బిల్డర్ తెరిచి, కావాల్సినవి లాగి పెట్టి, రంగులు మార్చి ఇచ్చేస్తాను.

ఇప్పుడు వేరే రకం పని వచ్చింది. దివ్యాంగ విద్యార్థుల కోసం పనిచేసే ఒక సంస్థకు సైట్ కావాలి. స్కాలర్‌షిప్ ప్రకటనలు, హాస్టల్ అడ్మిషన్లు, సర్టిఫికెట్ క్యాంపుల తేదీలు, దరఖాస్తు ఫారాలు ఉండాలి. వాళ్ళ కమిటీలో ఇద్దరికి చూపు లేదు. ఎవరి సాయం లేకుండా చదువుకోగలగాలి, ప్రకటనలు కూడా తామే పెట్టుకోగలగాలి అన్నారు. డ్రూపల్ అని వర్డ్‌ప్రెస్ లాంటిదే సైట్లు కట్టే ఇంకో సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో చేయించమని వాళ్ళకు ఎవరో చెప్పారట.

సరేనని డ్రూపల్ 11 దించుకున్నాను. నా హోస్టింగ్‌లో పీహెచ్‌పీ 8.1 ఉంది, అది 8.3 అడుగుతోంది. దాని ముక్కలన్నీ దించిపెట్టే కంపోజర్ ఏమో మెమరీ చాలక మధ్యలోనే ఆగిపోతోంది. ఎట్లాగో ఎక్కించి తెరిస్తే లోపలంతా ఖాళీ. కంటెంట్ టైప్ అంటుంది, టాక్సానమీ అంటుంది, వ్యూస్ అంటుంది, బ్లాక్స్ అంటుంది. ఏది ముందో ఏది తర్వాతో తెలియట్లేదు. యూట్యూబ్‌లో చూద్దామంటే సగం వీడియోలు డ్రూపల్ 7 కాలం నాటివి. ఒప్పుకున్న గడువు దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది. ఇది కూర్చుని నేర్చుకోవాలా, తెలిసిన వర్డ్‌ప్రెస్‌లోనే చేసి ఇవ్వొచ్చా?

కాజీపేట_జంక్షన్
వర్డ్‌ప్రెస్‌లోనే చెయ్ చెల్లె. థీముల (రెడీమేడ్ డిజైన్ల) దగ్గర 'యాక్సెసిబిలిటీ రెడీ' అని ఒక ఫిల్టర్ ఉంటుంది. అది పెట్టి వెతికితే మౌస్ లేకుండా కీబోర్డుతో నడిచేవి, కాంట్రాస్ట్ సరిగ్గా ఉన్నవి వస్తాయి. వాళ్ళకు కావాల్సింది మంచి సైట్. లోపల ఏముందో ఎవరు చూస్తారు?

భీమారం_బ్యాకెండ్
కాజీపేట అన్నా, మీ రైలు ఎప్పుడూ వర్డ్‌ప్రెస్ ప్లాట్‌ఫారం మీదే ఆగుతుంది :)

థీమ్ సంగతి మీరన్నది నిజమే. కానీ ఆమె పెట్టిన పోస్టులో చివరి షరతు చూడండి. ప్రకటనలు వాళ్ళే పెట్టుకోవాలి. అంటే బయటి పేజీ ఒక్కటే కాదు, లోపలి అడ్మిన్ కూడా స్క్రీన్ రీడర్‌తో, అంటే తెర మీది మాటలు పైకి చదివే సాఫ్ట్‌వేర్‌తో, నడవాలి. దీనికి వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ వాళ్ళు 2015లో ఏటీఏజీ 2.0 అని విడిగా మార్గదర్శకాలే ఇచ్చారు. డ్రూపల్ వాళ్ళు దాన్ని పట్టించుకున్నారు. వర్డ్‌ప్రెస్‌లో 2018 చివర్లో బ్లాక్ ఎడిటర్ వచ్చినప్పుడు స్క్రీన్ రీడర్ వాడేవాళ్ళు చాలా ఇబ్బంది పడ్డారు. ఇప్పుడు బాగానే మెరుగుపడింది, కాదనను.

ఇక నేర్చుకునే వరుస. ముందు ల్యాప్‌టాప్ మూసేయండి. ఒక కాగితం తీసుకుని ఆ సంస్థ ఏమేం ప్రచురిస్తుందో రాయండి. ప్రకటన ఉందనుకోండి, దానికి శీర్షిక, ఎవరు అర్హులు, చివరి తేదీ, కావాల్సిన పత్రాలు, జత చేసే ఫైలు. క్యాంపు అయితే తేదీ, చోటు, ఫోన్ నంబరు. ఆ ప్రకటన, ఆ క్యాంపు మీ కంటెంట్ టైపులు. వాటి కింద మీరు రాసినవన్నీ ఫీల్డులు. ప్రకటనల్లో స్కాలర్‌షిప్పులు వేరు, హాస్టళ్ళు వేరు అని విడదీసేది టాక్సానమీ. "గడువు దాటని ప్రకటనలు మాత్రమే, దగ్గరి తేదీ పైన వచ్చేలా చూపించు" అని చెప్పేది వ్యూ. ఆ వరుసలోనే చేయండి. బ్లాకులు, రంగులు చివరికి.

మీకు ఖాళీగా అనిపించడానికి కారణం పేజీ కోసం వెతకడమే. డ్రూపల్‌లో పేజీ చివర్లో వస్తుంది. షేర్డ్ హోస్టింగ్‌లో కంపోజర్‌తో కుస్తీ పట్టకండి. సొంత మెషీన్‌లోనే సైట్ నడిపి చూసుకునే డీడెవ్ అనే టూల్ పెట్టుకుని అక్కడ తయారుచేసి, తర్వాత సర్వర్‌కు ఎక్కించండి. 2025 జనవరిలో 'డ్రూపల్ సీఎంఎస్' అని విడిగా ఒకటి వచ్చింది. అందులో కొన్ని కంటెంట్ టైపులు ముందే అమర్చి ఉంటాయి. నేర్చుకునేవాళ్ళకు అది తెరిచి చూడటమే మంచి పాఠం. డ్రూపల్ 7కు ఆ నెలలోనే సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి ఆ వీడియోల జోలికి పోవద్దు.

హన్మకొండ_వెబ్
ఇట్లా ఎవరూ చెప్పలేదు అన్నా. కాగితం మీద పెట్టడం మొదలుపెట్టాను.

జనగామ_శ్రోత
నాకు చూపు లేదు. కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ, ఫోన్‌లో టాక్‌బ్యాక్ వాడతాను, రెండూ స్క్రీన్ రీడర్లే. మీ వర్డ్‌ప్రెస్, డ్రూపల్ గొడవలో నేను ఎటువైపూ లేను. నాకు వినిపించేది చెబుతాను.

పేజీ తెరవగానే నేను మొత్తం వినను. హెచ్ నొక్కుతాను. ఒక్కో హెడింగ్ మీదికి దూకుతూ పోతుంది, అక్కడే పేజీలో ఏముందో అర్థమైపోతుంది. కే నొక్కితే లింకులు, ఎఫ్ నొక్కితే ఫారంలో పెట్టెలు, టీ నొక్కితే టేబుళ్ళు. మన దగ్గర చాలా సైట్లలో హెచ్ నొక్కితే "ఇంకో హెడింగ్ లేదు" అంటుంది. చూసేవాళ్ళకు అక్కడ లావు అక్షరాల్లో శీర్షికలు ఉంటాయట. అవి బోల్డ్ చేసిన మామూలు పేరాలు. నాకు అవి లేనట్టే.

కే నొక్కుతూ పోతే "ఇక్కడ క్లిక్ చేయండి, లింక్. ఇక్కడ క్లిక్ చేయండి, లింక్." ఏది స్కాలర్‌షిప్పో ఏది టెండరో చెప్పే దిక్కు లేదు.

అన్నిటికన్నా పెద్ద బాధ ఇంకొకటి. ఒకసారి ఒక నోటిఫికేషన్ తెరిచాను. పక్కన మా తమ్ముడు చూసి "అన్నా, చక్కగా తెలుగులో ఉంది" అన్నాడు. నాకు వినిపించింది మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, డాలర్ గుర్తులు, బ్రాకెట్లు. ఒక్క తెలుగు మాట లేదు. అది అను ఫాంట్‌లో కొట్టింది. మిగిలిన నోటిఫికేషన్లు స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు. అవి తెరిస్తే "ఖాళీ డాక్యుమెంట్" అంటుంది.

కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ వాడినా ముందు అక్షరం యూనికోడ్‌లో (ప్రతి తెలుగు అక్షరానికి సొంత నంబరు ఉండే పద్ధతి) ఉండేలా చూడండి చెల్లె. తర్వాతే మిగతావి.

కాజీపేట_జంక్షన్
అన్నా, ఫాంట్ మార్చినంత మాత్రాన చదివేది ఎట్లా మారుతుంది? కనిపించేది అదే అక్షరం కదా?

డీటీపీ_చౌరస్తా
దీనికి నేను చెబుతా, నా పనే అది. వరంగల్ చౌరస్తాలో ఇన్నేళ్ళుగా పెళ్ళికార్డులు, కరపత్రాలు, నోటీసులు కొడుతున్నాం. అను ఫాంట్లలో తెలుగు అక్షరానికి సొంత నంబరు ఉండదు. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు ఉన్న నంబర్లనే తీసుకుని వాటి మీద తెలుగు బొమ్మలు గీశారు. తలకట్టు ఒకటి, గుడి ఒకటి, వత్తు ఒకటి, ముక్కలు ముక్కలుగా. ఆ ఫాంట్ ఉన్నచోట తెలుగులా కనిపిస్తుంది. ఫైలు లోపల మాత్రం ఉన్నది ఇంగ్లీషు గుర్తులే. శ్రోత గారికి వినిపించినవి అవే. గూగుల్‌లో వెతికినా ఆ నోటీసు దొరకదు.

మరి యూనికోడ్‌లో కొట్టొచ్చు కదా అంటారు. మేం పేజీలు పేర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో యూనికోడ్ తెలుగు రాదు. ప్రెస్సుల్లో ఇంకా పేజ్‌మేకర్ ఫైళ్ళే నడుస్తున్నాయి. పిల్లలు ఆ కీబోర్డుకే అలవాటు పడ్డారు. అన్నీ ఒక్కరోజులో మార్చమంటే మా కడుపు కొట్టినట్టే. దాని తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు పెట్టుకుంటే యూనికోడ్ బాగానే వస్తుంది, కొత్త పనులు మెల్లగా అటు మారుస్తున్నాం.

భీమారం_బ్యాకెండ్
చౌరస్తా అన్న చెప్పింది అక్షరాలా నిజం. పాత ఫైళ్ళను మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కానీ మార్చాక ఎవరో ఒకరు కూర్చుని చదవాల్సిందే. వత్తులు అటు ఇటు అవుతాయి. దరఖాస్తు తేదీ, రూపాయల అంకె తప్పుపోతే పిల్లల అవకాశం పోతుంది.

ఇంకోటి. అక్షరం యూనికోడ్‌లో ఉన్నా, ఈ పేజీ తెలుగు అని కోడ్‌లో చెప్పకపోతే స్క్రీన్ రీడర్ ఇంగ్లీషు గొంతుతోనే చదవబోతుంది. డ్రూపల్‌లో లాంగ్వేజ్ మాడ్యూల్ ఆన్ చేసి, తెలుగు కలిపి, దాన్నే డిఫాల్ట్ చేయండి. ప్రతి పేజీ మొదట్లో తెలుగు గుర్తు అదే పడుతుంది. మధ్యలో ఇంగ్లీషు పేరా వస్తే ఎడిటర్‌లో లాంగ్వేజ్ బటన్‌తో ఆ ముక్కకు విడిగా చెప్పొచ్చు. "స్కిప్ టు మెయిన్ కంటెంట్" లాంటి మాటలు ఇంగ్లీషులో మిగిలిపోతే ఇంటర్‌ఫేస్ ట్రాన్స్‌లేషన్ పేజీలో తెలుగులో రాసుకోవచ్చు. మర్చిపోవద్దు, కీబోర్డు వాడేవాళ్ళకు పేజీలో మొదట వినిపించే మాట అదే.

జనగామ_శ్రోత
అవును. ఎన్‌వీడీఏతో పాటు ఈస్పీక్ అనే గొంతు వస్తుంది, అందులో తెలుగు ఉంది. భాషను బట్టి గొంతు తనంతట తాను మారే సెట్టింగు కూడా ఉంది. పేజీలో భాష చెప్పి ఉంటేనే అది పనిచేస్తుంది.

కాజీపేట_జంక్షన్
ఇంత కష్టం ఎందుకు? సైట్‌కు పక్కన మనిషి బొమ్మ ఉన్న విడ్జెట్ ఒకటి తగిలిస్తే సరిపోతుందంటున్నారు. అక్షరాలు పెద్దవి చేస్తుంది, రంగులు మారుస్తుంది, చదివి కూడా పెడుతుంది. ఒక్క లైను కోడ్.

జనగామ_శ్రోత
వద్దన్నా. నా స్క్రీన్ రీడర్ నాకు ఉంది, నాకు అలవాటైన వేగంలో ఉంది. దాని మీద ఇంకో గొంతు వచ్చి కూర్చుంటే రెండూ కలిసి మాట్లాడతాయి. విడ్జెట్ కనిపించగానే దాన్ని ఎట్లా ఆపాలో వెతకడమే నా మొదటి పని అవుతుంది.

భీమారం_బ్యాకెండ్
హెడింగ్ లేని చోట అది హెడింగ్ పుట్టించలేదు. ఫొటోలో ఏముందో నమ్మకంగా చెప్పలేదు. 2025 జనవరిలో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఎఫ్‌టీసీ, ఇట్లాంటి విడ్జెట్ అమ్మే ఒక కంపెనీని 10 లక్షల డాలర్లు కట్టమంది. తమ టూల్ పెడితే చాలు, ఏ సైటైనా ప్రమాణాలకు సరిపోతుందని ప్రచారం చేసుకున్నందుకు.

కాజీపేట_జంక్షన్
ఇది తెలియదు. అయితే ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

సుబేదారి_టీచరమ్మ
నేనొక స్వచ్ఛంద సంస్థలో సైట్ నవీకరిస్తుంటాను. మీరందరూ కట్టేవాళ్ళ వైపు నుంచి మాట్లాడుతున్నారు, రోజూ నింపేది మాలాంటివాళ్ళు. పాత సైట్లో ఒక పెద్ద తెల్ల పెట్టె ఉండేది. అందులో ఒక్కొక్కరు ఒక్కోలా అతికించేవారు. ఒకరు తేదీ పైన రాస్తే ఇంకొకరు కింద, ఒకరు ఎర్ర రంగు, ఒకరు వాట్సాప్‌లో వచ్చిన పోస్టర్‌నే అతికించి వదిలేసేవారు. భీమారం గారు చెప్పినట్టు చివరి తేదీకి ఒక గడి, అర్హతకు ఒక గడి విడిగా ఉంటే మాకు ప్రాణం లేచివస్తుంది. నింపడం మర్చిపోతే అదే గుర్తు చేస్తుంది.

నాకొక సందేహం. ఫొటో పెట్టినప్పుడు ఆల్ట్ టెక్స్ట్, అంటే చూడలేనివాళ్ళకు ఫొటో బదులు వినిపించే మాటలు, అడుగుతుంది కదా, అందులో ఏం రాయాలి? మా పిల్లలు "ఫొటో" అని రాసి ముందుకు పోతున్నారు.

జనగామ_శ్రోత
మేడం, ఆ ఫొటో అక్కడ ఎందుకు పెట్టారో అది రాయండి. హాస్టల్ పేజీలో గేటు ఫొటో ఉందనుకోండి. "హాస్టల్ భవనం" అంటే నాకు ఏమీ తెలియదు. "ముఖద్వారానికి ర్యాంప్ ఉంది, రెండు పక్కలా పట్టుకునే కమ్మీలు ఉన్నాయి" అంటే వీల్‌చైర్ వాడే పిల్లాడి తల్లికి చెప్పడానికి నా దగ్గర ఒక సమాచారం ఉన్నట్టు. అదే ఫొటో వార్షికోత్సవం వార్తలో వస్తే గేటు సంగతి అక్కర్లేదు, అక్కడ ఎవరున్నారో చెప్పండి. "ఫొటో" అని రాయొద్దు, అది గ్రాఫిక్ అని ఎన్‌వీడీఏ ముందే చెబుతుంది.

పోస్టర్ అయితే అందులో ఉన్న మాటలన్నీ ఆ గడుల్లో టైపు చేయండి. పోస్టర్ పెట్టినా పెట్టకపోయినా మాకు ఒకటే.

భీమారం_బ్యాకెండ్
డ్రూపల్‌లో ఇమేజ్ ఫీల్డ్ పెట్టగానే ఆల్ట్ తప్పనిసరి అని ముందే టిక్ పడి ఉంటుంది. అది తీసేయకండి. పూలతీగ అంచు లాంటి అలంకారం బొమ్మలకు మాత్రం ఎడిటర్‌లో 'డెకరేటివ్' అనే స్విచ్ ఉంది. టెక్స్ట్ ఫార్మాట్ సెట్టింగుల్లోకి వెళ్ళి ఎడిటర్‌లో లెవల్ 1 హెడింగ్, రంగుల బటన్లు లేకుండా చేస్తే నింపేవాళ్ళు దారి తప్పరు.

థీమ్ దగ్గర కొత్తగా ఏదీ కొనకండి. డ్రూపల్ 10 నుంచి ఒలివెరో డిఫాల్ట్‌గా వస్తోంది. రేచల్ ఒలివెరో అని చూపు లేని ఒకావిడ ఉండేవారు. అమెరికాలోని నేషనల్ ఫెడరేషన్ ఆఫ్ ది బ్లైండ్‌లో పనిచేస్తూ డ్రూపల్ వాళ్ళతో కలిసి నడిచారు. 2019లో చనిపోయారు. ఆమె పేరే ఆ థీమ్‌కు పెట్టారు. కీబోర్డు, స్క్రీన్ రీడర్ దృష్టిలో పెట్టుకుని కట్టిన థీమ్ అది.

రంగులు మార్చేటప్పుడు జాగ్రత్త. మామూలు అక్షరానికి, వెనక రంగుకు మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలి. తెల్లటి మీద #777 బూడిద రంగు చూడటానికి బాగానే ఉంటుంది, కానీ 4.48 దగ్గర ఆగిపోతుంది. #767676 పెడితే దాటుతుంది. తెలుగుకు లైన్ల మధ్య ఎడం ఇంగ్లీషు కన్నా ఎక్కువ ఇవ్వండి, లేకపోతే పై లైను వత్తు కింది లైను గుడికి తగులుతుంది. చూపు తక్కువున్నవాళ్ళు 200 శాతం పెద్దది చేసి చదువుతారు, అట్లా పెంచి చూడండి.

కేయూ_లా
చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతున్నా. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో సెక్షన్ 46 ప్రకారం ప్రజలకు సేవలందించేవాళ్ళు ప్రభుత్వమైనా ప్రైవేటైనా అందరికీ అందేలా చేయాలి. ప్రభుత్వ సైట్లకు జీఐజీడబ్ల్యూ మార్గదర్శకాలు 2009 నుంచీ ఉన్నాయి, 2023లో 3.0 వచ్చింది. రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు, ఆ చట్టం కింద వచ్చిన 2017 నియమాల్లోని 15(1) కేవలం సిఫార్సులా ఉందని, చట్టానికి విరుద్ధమని కొట్టేసింది. తప్పనిసరి ప్రమాణాలు తెమ్మని కేంద్రానికి చెప్పింది. 2025 ఏప్రిల్ 30న ఈ-కేవైసీ (ఆన్‌లైన్‌లో గుర్తింపు నిరూపించుకోవడం) కేసులో డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కు చెప్పే ఆర్టికల్ 21 కిందికి వస్తుందని చెప్పింది. ఆ పిటిషన్లు వేసింది యాసిడ్ దాడి బాధితులు, చూపు లేని ఒక వ్యక్తి. కళ్ళార్పమని కెమెరా అడిగితే వాళ్ళేం చేయగలరు?

కాబట్టి దీన్ని ఎవరో దయతలిచి చేసే పనిలా చూడొద్దు. కొటేషన్‌లోనే రాయండి.

డీటీపీ_చౌరస్తా
కొటేషన్‌లో రాస్తే కస్టమర్ ముందు ఆ లైనే కొట్టేస్తాడు.

కేయూ_లా
విడి లైనుగా రాస్తే కొట్టేస్తాడు అన్నా. పని మొత్తంలో భాగంగా రాయమంటున్నా.

హన్మకొండ_వెబ్
అందరికీ థాంక్స్. ప్రకటన, క్యాంపు, రెండు కంటెంట్ టైపులు అయ్యాయి. గడువు దాటినవి తనంతట తనే కిందికి పోయేలా వ్యూ కూడా కుదిరింది. ఆ వ్యూ మొదటిసారి నేననుకున్నట్టు పనిచేస్తే మస్తు సంతోషమేసింది. ఫారాలకు వెబ్‌ఫార్మ్ మాడ్యూల్ వాడాను. పేజీని పరీక్షించి మార్కులు వేసే లైట్‌హౌస్ టూల్‌లో యాక్సెసిబిలిటీకి 100 వచ్చింది. శ్రోత అన్నా, టెస్ట్ లింక్ మెసేజ్‌లో పంపాను, వీలున్నప్పుడు చూడండి.

భీమారం_బ్యాకెండ్
100 చూసి ఆగకండి. ఆల్ట్ ఉందా లేదా అనేది ఆ టూల్ చెప్పగలదు, అందులో రాసింది పనికొచ్చేదా అనేది చెప్పలేదు. మౌస్ పక్కన పెట్టి ట్యాబ్ కీతో మొత్తం తిరగండి.

జనగామ_శ్రోత
చూశాను. హెచ్ నొక్కితే "తాజా ప్రకటనలు, హెడింగ్ లెవల్ 2" అని తెలుగు గొంతులోనే వచ్చింది. దాని కింద ఒక్కో ప్రకటన లెవల్ 3. చివరి తేదీ, అర్హత విడివిడిగా వినిపిస్తున్నాయి. ఒక కొత్త ప్రకటన నేనే పెట్టి చూశాను, ఎక్కడా ఆగలేదు. ఇంత తేలిగ్గా నడిచిన తెలుగు సైట్ నాకు అరుదు.

సరిచేయాల్సినవి చెబుతాను. ప్రతి ప్రకటన కింద "మరింత చదవండి" అని ఉంది. కే నొక్కుతూ పోతే అదే మాట వరసగా వస్తుంది, ఏ ప్రకటనదో తెలియదు. ఫారంలో కావాలనే పిన్‌కోడ్ తప్పు కొట్టి పంపాను. పైన ఎక్కడో ఏదో మెసేజ్ వచ్చింది కానీ తప్పున్న పెట్టె దగ్గరికి వెళ్తే అది మౌనంగా ఉంది. ఇక జత చేసిన ఫైలు "స్కాన్ అండర్‌స్కోర్ సున్నా సున్నా నాలుగు ఫైనల్ ఫైనల్ డాట్ పీడీఎఫ్" అని చదివింది. ఆ ఫైనల్ ఫైనల్ ఎవరిదో గానీ నవ్వొచ్చింది.

డీటీపీ_చౌరస్తా
ఫైనల్ ఫైనల్ అంటే అది మా బజారు ఫైలే, అనుమానం లేదు. ఆ స్కాన్ తీసేయండి. అసలు మ్యాటర్ నాకు పంపితే యూనికోడ్‌లో కొట్టిస్తాను. డబ్బులేం వద్దు.

భీమారం_బ్యాకెండ్
మూడూ తేలికే. శీర్షికనే లింక్ చేసి, "మరింత చదవండి" వ్యూలోంచి తీసేయండి. డ్రూపల్ సొంతంగా ఇచ్చే రీడ్ మోర్‌లో ప్రకటన పేరు కంటికి కనిపించకుండా కలిసి ఉంటుంది. మనం వ్యూలో సొంతంగా రాసుకున్నప్పుడు అది పోతుంది. ఫారం తప్పులకు కోర్‌లోనే 'ఇన్‌లైన్ ఫార్మ్ ఎర్రర్స్' మాడ్యూల్ ఉంది, ఆన్ చేయండి. ఫైల్ ఫీల్డ్‌లో డిస్క్రిప్షన్ ఆన్ చేసి దాన్నే లింక్ మాటగా వచ్చేలా పెట్టండి.

హన్మకొండ_వెబ్
మూడూ అయ్యాయి. చౌరస్తా అన్నా, మ్యాటర్ రేపు పంపిస్తాను.

జనగామ_శ్రోత
మళ్ళీ తప్పు పిన్‌కోడ్ కొట్టాను. ఇప్పుడు పెట్టె దగ్గరే "ఆరు అంకెలు ఉండాలి" అని చెబుతోంది. బాగుంది. ఒకటే మిగిలింది. క్యాంపు పేజీలో ఆసుపత్రి పేరు మాత్రమే ఉంది. ఏ గేటు, ఆటో ఎక్కడ దిగాలి, లోపల ఏ అంతస్తు, లిఫ్ట్ ఉందా? మ్యాప్ బొమ్మ నాకు ఏమీ చెప్పదు.

సుబేదారి_టీచరమ్మ
ఇది మా సైట్లో కూడా లేదు. అమ్మా హన్మకొండ, క్యాంపులో దానికి ఒక గడి కలిపి, నింపకుండా ముందుకు పోనివ్వకుండా పెట్టు. మేమూ అట్లాగే పెట్టించుకుంటాం.

హన్మకొండ_వెబ్
కలిపాను మేడం. "ఎట్లా చేరుకోవాలి" అని పేరు, తప్పనిసరి అని టిక్ పెట్టాను. కమిటీ వాళ్ళకు సోమవారం నేర్పించడానికి వెళ్తున్నా. కాజీపేట అన్నా, మీరూ వస్తారా?

కాజీపేట_జంక్షన్
వస్తా. రెండు స్కూళ్ళ సైట్లు నా చేతిలో ఉన్నాయి, ఎన్‌వీడీఏ కూడా దించుకున్నా. హెచ్ నొక్కి చూస్తే ఒక్క హెడింగ్ దొరకలేదు, వాటి పని పట్టాలి.